ఎడమ వీధి కాగితం

పోయిన వారం మనం మెట్ల దగ్గర ఆగాం. మా ఆఫీసు ఇనప మెట్ల మీద ఎవరో ఎక్కి వస్తున్న చప్పుడు వినిపించింది. ఆ వచ్చేది ఇస్త్రీ వదినేనని చూడకుండానే నాకు తెలిసిపోయింది. చేతిలో టీ కప్పు చేతిలోనే ఉండిపోయింది.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్లు ఈలోగా కళ్లజోళ్లు తుడుచుకోండి. నేను ఒకప్పుడు టైలర్ని. ఇప్పుడు అవయవదానం మీద జరుగుతున్న ఒక పరిశోధనలో ఇల్లిల్లూ తిరిగి మాట్లాడే ఉద్యోగం నాది. మునుపు కొలతలతో సరిపెట్టుకునేది, ఇప్పుడు ఏకంగా కిడ్నీలే అడుగుతోంది అని మా కాలనీలో నా మీద జోకు. అందరూ నన్ను ఫారాలక్క అంటారు. మా కాలనీ మధ్యలోంచి పెద్ద రోడ్డు పోతుంది. పరిశోధన మొదలైన రోజున కంప్యూటరు చీటీ వేసి, కుడి వైపు వీధులని నాకు రాసింది. అక్కడ నేను ఇంటింటికీ వెళ్లాలి, కూర్చోవాలి, అడిగినవన్నీ విడమరచి చెప్పాలి, ఇష్టమైనవాళ్ల చేత కాగితం రాయించాలి. ఎడమ వైపు వీధులకి మాత్రం పోస్టులో ఒక కరపత్రం వెళ్తుంది, అంతే. పద్ధెనిమిది నెలలయ్యాక రెండు వైపులనీ పోల్చి చూస్తారు. మనిషి వెళ్లి మాట్లాడితే తేడా వస్తుందని తేలితే, మా కాలనీలాంటి కాలనీలన్నిటిలో ఒక మనిషిని పెట్టడానికి నిధులొస్తాయి. అందుకని ఎడమ వీధుల వాళ్లతో ఈ సంగతి పొరపాటున కూడా ఎత్తకూడదు. గడువు ఇంకా ఆరు వారాలుంది.

ఇస్త్రీ వదినది ఎడమ వైపు. ఆమె భర్త గోడలకి రంగులు వేసే పెయింటరన్నయ్య. మాకు చుట్టరికం లేదు. ఆయన నన్ను చెల్లెమ్మా అన్నాడు కాబట్టి ఆమె నాకు వదినైంది. మూడు రోజుల క్రితం ఆయన నాలుగో అంతస్తు పరంజా మీంచి పడిపోయాడు. మెదడు పూర్తిగా పోయిందని, ఇక వెనక్కి రాదని డాక్టర్లు రెండుసార్లు పరీక్షించి చెప్పారు. యంత్రం ఊపిరి పోస్తున్నంతసేపూ గుండె కొట్టుకుంటుందన్నారు. అవయవాలు ఇస్తారా అని అడిగారు. ఫారాలక్క వచ్చి చెప్తే గానీ తను అవుననీ కాదనీ అననని వదిన భీష్మించుకుని కూర్చుంది. నిన్నటి నుంచి నాకు పదకొండు సార్లు ఫోను చేసింది. నేను ఎత్తలేదు.

ఎత్తకపోవడానికి నియమం ఒక కారణం. రెండో కారణం సిగ్గు. ఆ సిగ్గు సంగతే ఈ వారం.

మా ఆఫీసు కళ్లజోళ్ల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి కాలనీ పటం. పటంలో కుడి వైపు ఆకుపచ్చ, ఎడమ వైపు బూడిద రంగు. వెనక గది కిటికీ లేని ఫారాల గది. ఆ రోజు మధ్యాహ్నం ముందు గదిలో ముగ్గురం ఉన్నాం. ఒకరు మేడం. పరిశోధన ఆవిడదే, తొమ్మిదేళ్లుగా దీని వెంటే తిరుగుతోంది. ఇంకొకరు నిధులిచ్చే సంస్థ నుంచి తనిఖీకి వచ్చిన పెద్దాయన. ఆయన మెడలో ఒక కళ్లజోడు, నెత్తి మీద ఇంకొకటి. చదవాల్సి వస్తే మాత్రం రెండూ వదిలేసి జేబుల్లో వెతుక్కుంటాడు. రెండో విడత నిధులు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన రాసే రెండు పేజీల మీద ఆధారపడి ఉంది. మూడో మనిషిని నేను. అప్పటికి గంటన్నరగా నన్ను ఆయన ముందు కూర్చోబెట్టి, ఎలా మాట్లాడతావో చెప్పమ్మా అంటే, కీ ఇచ్చిన బొమ్మలా చెప్తున్నాను.

తలుపు తీసే ఉంది. వదిన గుమ్మంలో నిలబడింది.

వంటి మీద మొగుడి చొక్కా వేసుకుంది. మోచేతి దగ్గర లేత నీలం రంగు మరకలు. ఊరందరి బట్టలూ మడత నలగకుండా ఇచ్చే మనిషి, ఆ చొక్కాని మాత్రం ఇస్త్రీ చెయ్యలేదు. ఆమె ఏడుస్తూ వస్తుందని, అరుస్తూ వస్తుందని రెండు రకాలుగానూ ఊహించుకుని భయపడ్డాను. ఆమె ఆ రెండూ చెయ్యలేదు.

"ఫోను పాడైందా చెల్లెమ్మా?" అని అడిగింది.

లేదన్నాను. 

మేడం లేచి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. జరిగినదానికి నిజంగానే బాధపడుతూ నాలుగు మాటలు చెప్పింది. మేడాన్ని దుర్మార్గురాలిగా చూపించేస్తే కథ నాకు సులువయ్యేది గానీ, ఆవిడ అలాంటి మనిషి కాదు. ఆ వీధుల వాళ్లు అవయవాలు ఇవ్వరండీ, వాళ్లకి అర్థం కాదండీ అని నిధులు ఇచ్చేచోట మూడుసార్లు దరఖాస్తు తిప్పి పంపితే, వాళ్లు ఇవ్వకపోవడం కాదు, వాళ్లని ఎవరూ మనుషుల్లా అడగలేదు అని నాలుగోసారి రాసిన మనిషి. కిడ్నీ కోసం ఎదురుచూసే వరుసలో మా కాలనీ వాళ్లే ఎక్కువమంది, వచ్చేసరికి బతికి ఉండేవాళ్లలో మా వాళ్లే తక్కువమంది అని ఆవిడ చెప్పేదాకా నాకూ తెలియదు.

ఆస్పత్రిలో ఈ పని కోసమే ఒకాయన ఉన్నాడని, ఏ అనుమానమున్నా ఆయన్ని అడగమని, ఆయన బాగా చెప్తాడని మేడం వదినకి నచ్చజెప్పింది. వదిన నీళ్లు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"చెప్పాడమ్మా. కోటు వేసుకున్నాయన. చాలా మర్యాదగా చెప్పాడు. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఏ కోటు వేసుకున్నాయనా మాతో అంత మర్యాదగా మాట్లాడలేదు. అందుకే నాకు భయమేసింది."

తనిఖీ పెద్దాయన రాస్తున్న కలం ఆగింది. మేడం నా వైపు చూసింది. ఒక్క నిమిషం అని ఇద్దరికీ చెప్పి, నా మోచెయ్యి పట్టుకుని ఫారాల గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

ఆ గది మీరు చూడలేదు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. మూడు వైపులా ఇనప బీరువాలు, నడినెత్తిన ఒక గొట్టం లైటు, అది ఎప్పుడూ కీచుమంటూ ఉంటుంది. ఎండాకాలం బీరువాలు వేడెక్కి కాగితాల వాసనతో ఊపిరాడదు. మేడం గొంతు తగ్గించి చెప్పింది. ఆవిడ మాటల సారం ఇది: ఆస్పత్రిలో కుటుంబం సరే అనడం, కాదనడం, దాన్నే మనం లెక్క చూస్తున్నాం. ఎడమ వైపు నుంచి నీ నోటి మాట వల్ల ఒక్క సరే వచ్చినా పోలికకి విలువ ఉండదు. పైగా అది ఆ పెద్దాయన కళ్లెదుట జరిగితే రాయక తప్పదు. పదహారు నెలలు నువ్వు ఎక్కిన మెట్లూ దిగిన మెట్లూ గాలిలో కలిసిపోతాయి. రేపు నలభై కాలనీల్లో నీలాంటి నలభై మందిని పెట్టాల్సిన నిధి ఆగిపోతుంది. ఆ నలభై చోట్లా కోటు వేసుకున్నాయనే వెళ్తాడు, వాళ్లూ ఇలాగే భయపడతారు.

"ఆరు వారాలు," అంది మేడం. "ఆరు వారాలు ఆగితే ఎడమ వైపు ప్రతి ఇంటికీ నిన్ను నేనే పంపిస్తాను."

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం ఉన్నా బావుండేది. పట్టుకుని పోట్లాడేదాన్ని. కక్కలేక మింగలేక బీరువాకి ఆనుకుని నిలబడ్డాను. ఇనుము వీపుకి చురుక్కుమంది.

తలుపు కదిలింది. వదిన లోపలికి వచ్చేసింది. వచ్చాక నిజంగానే చోటు లేదు, ముగ్గురం ఒకళ్ల ఊపిరి ఒకళ్లకి తగిలేంత దగ్గరగా నిలబడ్డాం.

"ఆ ఆరు వారాలు ఆగమని మా ఆయనకి కూడా చెప్పండమ్మా," అంది. ఎత్తిపొడుపులా అనలేదు. ఎక్కడైనా దారి ఉందేమోనని అడుగుతున్నట్టు అంది. "నాలుగింటిలోపు చెప్పమన్నారు. తర్వాత గుండె ఎంతసేపు నిలబడుతుందో వాళ్లకీ తెలియదంట."

తీసి ఉన్న తలుపులోంచి కనిపించే ముందు గది గడియారంలో మూడూ పది.

 వదిన నా వైపు తిరిగింది.

"సలహా చెప్పొద్దులే చెల్లెమ్మా. మీకేవో పద్ధతులున్నాయని మా వైపు అందరికీ తెలుసు. మేం కనబడగానే నువ్వు మాట మార్చేస్తావుగా. బేకరీలో ఆ రోజు నన్ను చూసి గబుక్కున బొత్తాల గురించి మొదలెట్టావు. నా గురించే ఏదో అనుకుంటున్నారని నాలుగు రోజులు బాధపడ్డాను." జారిపోతున్న చొక్కా చేతిని పైకి మడుచుకుంది. "నాకు ఒక్కటి చెప్పు. ఆయన నిన్నేదో అడిగాడంట. అడిగితే నవ్విందే మా చెల్లెమ్మ అన్నాడు. ఏమడిగాడు?"

 పోయిన వారం మీకు చెప్పకుండా దాటేసింది ఇదే.

నాలుగు నెలల క్రితం, కుడి వైపు సంఘం హాల్లో పదిహేనుమంది ఆడవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను. బయట గోడకి ఎవరో రంగు వేస్తున్నారు. కిటికీలోంచి నిచ్చెన మెట్టూ, దాని మీద ఒక జత బూట్లూ కనిపిస్తున్నాయి. గోడ మీద బ్రష్షు చప్పుడు వస్తూ వస్తూ, నేను మెదడు చనిపోవడం అంటే ఏమిటో చెప్తుంటే ఆగిపోయింది. వంగి చూస్తే పెయింటరన్నయ్య. ఎడమ వైపు మనిషి. నేను వెంటనే నాలుక కరుచుకుని జాకెట్టు చేతుల కుట్టు గురించి ఎత్తుకున్నాను. ఆడవాళ్లు తెల్లమొహం వేశారు. ఆయన నిచ్చెన మీదే పడీ పడీ నవ్వాడు.

మర్నాడు ఆఫీసుకి వచ్చాడు. కుడి వైపు మంగలి దగ్గర ఖాళీ ఫారం ఒకటి సంపాదించి, తనే నింపి, మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. నాది కూడా తీసుకుంటావా చెల్లెమ్మా అని అడిగాడు. నేను పైన చిరునామా చూసి నవ్వాను. అన్నయ్యా, మీది ఎడమ వైపు, మీ వంతు ఇంకా రాలేదు అన్నాను. చనిపోవడానికి కూడా మీ కంప్యూటరు చీటీ వేస్తుందా చెల్లెమ్మా అని ఆయనా నవ్వాడు. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు, బల్ల మీదే వదిలి వెళ్లాడు. ఎడమ వైపు చిరునామాతో ఏ కాగితం వచ్చినా మిగతాది చదవకుండా 'చెల్లదు' అని ముద్ర కొట్టి పక్కన పెట్టాలి. చదివితే మా మనసులు అటూ ఇటూ అవుతాయని అలా పెట్టారు. ముద్ర కొట్టాను. మడత కూడా పూర్తిగా విప్పలేదు. ఆ రోజు ఒక పని తప్పు లేకుండా చేశానని సంతోషంగా ఇంటికి వెళ్లాను.

ఆ కాగితం ఇప్పుడు నా వీపు వెనక, కింది అరలో ఉంది.

చెప్తే నియమం పోతుంది. చెప్పకపోతే ఒక భార్యకి మొగుడి చివరి మాట అందదు. నాలుగు నెలలుగా ఒక కుడి వీధి మనిషికి దొరికే గౌరవం ఆయనకి దొరకలేదు, రోడ్డుకి అటు పక్క ఇల్లు కట్టుకున్న పాపానికి. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ నవ్వు గుర్తొచ్చి తలకొట్టేసినట్టయింది.

అప్పుడు గుర్తొచ్చింది పదకొండో నియమం.

మా నియమాల పుస్తకంలో ఇరవై రెండున్నాయి. మొదట్లో మేడం మాకు పిల్లలకి ఎక్కాలు నేర్పినట్టు నేర్పించింది, నిద్రలో లేపినా చెప్తాను. పదకొండోది: ఎవరైనా తాము ఇచ్చిన కాగితం వెనక్కి అడిగితే, వాళ్లుగానీ వాళ్ల దగ్గరివాళ్లుగానీ, కారణం అడగకుండా ఇచ్చెయ్యాలి. అది కుడి వైపుకా ఎడమ వైపుకా అని రాయలేదు. చెల్లని కాగితాన్ని వెనక్కి అడిగేవాళ్లుంటారని ఎవరూ అనుకోలేదు కాబట్టి.

"వదినా," అన్నాను. "పెయింటరన్నయ్య ఇక్కడ ఒక కాగితం ఇచ్చారు. అది మీది. కావాలా అని నేను అడగకూడదు. కావాలని మీరే అడగాలి."

వదిన నన్నూ, మేడాన్నీ మార్చి మార్చి చూసింది. ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి కాలకుండా ఇరవయ్యేళ్లు బతికిన మనిషికి మాట ఎక్కడ వేడిగా ఉందో తెలియకుండా ఉంటుందా.

"కావాలి. మా ఆయన కాయితం నాకు కావాలి."

మేడం కళ్లు మూసుకుంది. పదకొండోది ఆవిడ చేత్తో రాసిందే. కళ్లు తెరిచాక, అడ్డు తప్పుకుంది. తప్పుకోవడానికి చోటు లేదు గనక బీరువా తలుపుకి అంటుకుపోయి నిలబడింది. నేను మోకాళ్ల మీద కూర్చుని కింది అర లాగాను. 'చెల్లనివి' అని రాసిన అట్టలో ఆరు కాగితాలున్నాయి. ఆరింట్లో ఆయనది వెతుక్కోవక్కర్లేకుండానే దొరికింది. మూల మీద లేత నీలం వేలి గుర్తు ఉంది.

వదిన తీసుకుని మడత విప్పింది. ఎర్ర ముద్ర ఆయన పేరు మీద అడ్డంగా పడి ఉంది. ఆమె దాన్ని బొటనవేలితో రుద్దింది, పోతుందేమోనని. తర్వాత కిందికి చదువుకుంటూ వెళ్లింది. పేరు, వయసు, వీధి. కళ్లు, కిడ్నీలు, గుండె, అన్నిటి పక్కనా టిక్కులు. టిక్కులు కూడా గోడకి మొదటి పూత వేసినట్టు పెద్ద పెద్దగా వేశాడు. చివర 'మీరు చెప్పదలచుకున్నది' అని రెండు గీతలుంటాయి. మా ఫారాల్లో నూటికి తొంభైమంది అక్కడ ఏమీ రాయరు.

ఆమె అక్కడ ఆగిపోయింది.  మళ్లీ మొదటి నుంచి, ఈసారి పైకి చదివింది.

"మా ఆవిడకి ఈ సంగతి నేను చెప్పలేను. చెప్తే ఏడుస్తుంది, నేనూ ఏడుస్తాను. ఆ రోజొస్తే చెల్లెమ్మే కూర్చోబెట్టి చెప్పాలి. చెల్లెమ్మ చెప్తే వింటుంది."

గొట్టం లైటు కీచుమంటోంది.  కాగితం ఇచ్చేస్తే బయటపడొచ్చని, నోరు విప్పకుండానే నా బాకీ తీరిపోతుందని ఎంత తెలివిగా అనుకున్నానో చూడండి. ఆ కాగితమే నన్ను పేరు పెట్టి పిలిచింది. నాలుగు నెలల కిందే, నేను మడత విప్పి చదివి ఉంటే, ఇది నాకు తెలిసేది. ఆయన అప్పగించి వెళ్లిన పని మీద నేను 'చెల్లదు' అని ముద్ర కొట్టాను.

గుమ్మంలో అలికిడైంది. తనిఖీ పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఈసారి కళ్లజోడు వెతుక్కోకుండా నెత్తి మీదిది కిందికి లాక్కుని, వదిన చేతిలోని ఎర్ర ముద్ర వైపు చూశాడు. ఇవి ఎన్ని ఉన్నాయని నెమ్మదిగా అడిగాడు. ఆరు అంది మేడం. తక్కిన ఐదు కూడా ఎడమ వైపువేనా అన్నాడు. అవునంది. ఆయన జేబులోంచి కలం తీశాడు. అక్కణ్ణుంచి మాత్రం కదల్లేదు.

మేడం నన్ను చూసింది. వద్దని తల ఊపుతుందనుకున్నాను, ఊపలేదు. సరే అని కూడా అనలేదు. తొమ్మిదేళ్లు మోసిన బరువుని ఎక్కడ దించుకోవాలో తెలియని మనిషిలా ఉంది. ఆవిడ కోసం నాకు ఏడుపొచ్చింది. ఆ నలభై కాలనీల కోసమూ వచ్చింది. కానీ ఆ నలభై కాలనీలూ నాకు పటంలో బూడిద రంగు మచ్చలు. ఇస్త్రీ వదిన మాత్రం ఎదురుగా ఉంది, మొగుడి చొక్కాలో.

"కూర్చో వదినా," అన్నాను.

కూర్చోవడానికి అక్కడ నేల తప్ప ఏమీ లేదు. ఇద్దరం నేల మీదే కూర్చున్నాం, బీరువాకి ఆనుకుని, ఒకరి మోకాలు ఒకరికి తగులుతూ. కుడి వైపు ఇళ్లల్లో నేను ఇలాగే కూర్చుంటాను. కుర్చీ వేసినా దిగి వాళ్ల పక్కన కూర్చుంటాను, అది మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

"అడుగు. ఏదైనా అడుగు. తెలిసింది చెప్తాను, తెలియనిది తెలియదంటాను."

అయిపోయింది. అనేశాను. పెద్ద రోడ్డు దాటేశాను. గుమ్మంలో కలం గీసిన చప్పుడు వినిపించింది, లేకపోతే నాకలా అనిపించింది.

ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసు. పదహారు నెలలుగా రోజూ విన్నవే. ఒళ్లు వెచ్చగా ఉందే, పోయాడని ఎలా అంటారు? కోస్తే మనిషి రూపం ఉంటుందా? మావి తీసుకెళ్లి డబ్బున్నవాళ్లకి పెడతారా? మేం సరే అంటే బతికించే ప్రయత్నం మానేస్తారా? ఒక్కోదానికీ నా దగ్గర జవాబుంది, నిజమైన జవాబు. ఒక్కటి కూడా తడుముకోకుండా చెప్పగలను. మొదటిదానికి అప్పుడే మనసులో మాటలు పేర్చుకుంటున్నాను.

వదిన కాగితాన్ని ఆయన మడిచిన మడతల మీదే మళ్లీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది. జేబు మీద చెయ్యి వేసి ఉంచింది.

"అవన్నీ ఆ కోటాయన చెప్పాడు," అంది. "నిన్ను ఒక్కటే అడుగుతాను. కుడి వైపు వాళ్లందరూ అంటారు, మొదటి కాయితం ఫారాలక్కదే అని. మా ఆయన కూడా అదే అన్నాడు. చెల్లెమ్మ తను రాయకుండా మనల్ని అడుగుతుందా అన్నాడు. నువ్వు రాసిన కాయితం చూపించు. అది చూసి నేను సంతకం పెడతాను."

మొదటి కాగితం నాదేనని నేను ఎవరితోనూ అనలేదు. నీదే ముందు రాసి ఉంటావులే అని వాళ్లే అనేవాళ్లు, నేను నవ్వి ఊరుకునేదాన్ని. పెయింటరన్నయ్య ముందు నవ్విన నవ్వు ఒకటీ, ఈ నవ్వు ఒకటీ. ఉద్యోగంలో చేరిన రోజున నాకిచ్చిన ఫారం నా సంచి లోపలి జిప్పులో ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున తీసి చూసి, కలం పట్టుకుని, మళ్లీ మడిచి పెట్టేస్తాను. సాక్షి సంతకం పెట్టనని అమ్మ అంది, అందుకని ఆగానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. నాకు భయం. మూడు వందల పైచిలుకు మందికి పోగొట్టిన భయం నాలో అలాగే ఉంది.

"సంచి నీ భుజానే ఉందిగా చెల్లెమ్మా," అంది వదిన.

గడియారం మూడున్నర చూపిస్తోంది. గుమ్మంలో పెద్దాయన, బీరువా పక్కన మేడం, ఇద్దరూ నా చేతుల వైపే చూస్తున్నారు. నేను జిప్పు తీశాను. నాలుగు మడతలు పడి, అంచులు మాసిపోయి, పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉన్న కాగితం నా వేళ్లకి తగిలింది. వదిన దానికోసం చెయ్యి చాపింది.